మేఘములను చదివిన విల్సను పండితుడు

వానకాలమున మబ్బు కమ్మి ఉఱుము ఉఱిమినప్పుడు మన చూపు సహజముగా నేలవైపునకే తిరుగును. పిడుగు ఏ తాటిచెట్టుపై పడునో, ఏ పశువుల పాకపై పడునో యని మనము భయపడుదుము. ఆ మబ్బునకు పైవైపున, నక్షత్రములు మెఱయు నిర్మలాకాశమున, అదే క్షణమున నేమి జరుగుచుండునో యని తలపోసినవారు మిక్కిలి అరుదు. అట్లు తలపోయుటయే గాక, కాగితముపై లెక్కవేసి, అచ్చటను మెఱుపు పుట్టవలెనని 1925 లో ప్రకటించినవాడు చార్లెస్ థామ్సన్ రీస్ విల్సను. ఆ మెఱుపు చిత్రము మొట్టమొదట మనుష్యుల చేతికి చిక్కినది 1989 లో. అప్పటికి విల్సను మరణించి దాదాపు ముప్పది యేండ్లు గడచినవి.

మన విద్యార్థులకు ఈయన పేరు భౌతికశాస్త్ర పుస్తకములోని మేఘపేటిక వలన తెలిసియుండును. నోబెలు బహుమానము వచ్చినదియు దాని మూలముననే. కాని ఆయన మనస్సు జీవితమంతయు నిలిచినది ఆ పేటికయందు గాదు, మేఘములయందు. ఆయన చరిత్రమును చదువువారు ఈ సంగతిని మొదటనే గుర్తుంచుకొనుట మంచిది.

విల్సను 1869 వ సంవత్సరము ఫిబ్రవరి 14 వ తేదీన స్కాట్లండు దేశమున, ఎడిన్‌బరో నగరమునకు సమీపమందలి గ్లెన్‌కోర్స్ గ్రామప్రాంతమున జన్మించెను. తండ్రి జాన్ విల్సను గొఱ్ఱెల పెంపకముచే జీవించు రైతు. తల్లి పేరు అన్నీ క్లార్క్ హార్పర్. చార్లెస్ నాలుగేండ్ల బాలుడై యుండగనే తండ్రి గతించెను. దిక్కులేని తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమునకు తరలిపోయెను. పొగగొట్టముల ఆ పట్టణమునందే చార్లెస్ విద్యాభ్యాసము సాగెను. పదునైదవ యేట ఆయన ఓవెన్స్ కళాశాలలో చేరెను. అప్పటి యుద్దేశము వైద్యుడు కావలెనని. జంతువులను వృక్షములను గూర్చి చదువుచు, సెలవుదినములలో సూక్ష్మదర్శినితో పురుగులను పరిశీలించుచు కాలము గడపెను.

ఈ చదువునకు వలయు ధనమెక్కడిది? తండ్రి మొదటి భార్యకు పుట్టిన విలియమను అన్నగారు మన కలకత్తా నగరమున వ్యాపారముచేయుచుండెను. ఆయన పంపిన సొమ్ముతోడనే తమ్ముని చదువు సాగినది. హుగ్లీ తీరమున ఆర్జింపబడిన రూకలు ఒక శాస్త్రజ్ఞుని తయారుచేయుటకు వినియోగపడినవను మాట మన దేశపు పాఠకులకు వింతగా దోచకమానదు. 1888 లో చార్లెస్ విద్యార్థివేతనమును సంపాదించి కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్సు కళాశాలకు వెళ్లెను. అచ్చట వైద్యము మీది మక్కువ క్రమముగా సన్నగిల్లి, భౌతికశాస్త్రముపై మనస్సు కుదిరెను. 1892 లో పట్టము పుచ్చుకొనెను.

పట్టము చేతికి వచ్చినదేగాని బ్రతుకుతెరువు కానరాలేదు. పిల్లలకు చదువుచెప్పుచు, కొంతకాలము బ్రాడ్‌ఫర్డ్ పట్టణములోని ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను. స్థిరమైన యుద్యోగము, జీతము నెలనెల వచ్చును. తల్లిని చూచుకొనవలసిన కుమారునకు అంతకన్న కావలసినదేమి? అయినను ఆయన దానిని విడిచి కేంబ్రిడ్జికి మరలివచ్చి, వైద్యవిద్యార్థులకు ప్రయోగములు చూపు చిన్న పనిని స్వీకరించెను. పరిశోధన చేయుటకు సందు దొరకునను ఆశయే ఇందులకు కారణము. ఆ సమయమున ఆయన చేతిలో పరిశోధింపదగిన విషయమేదియు లేదు. విషయము కొండపై దొరకెను.

స్కాట్లండులో బెన్ నెవిస్ అను పర్వతము కలదు. దాని యెత్తు 1345 మీటర్లు. మన తిరుమల కొండలకన్న కొంచెమెత్తైనదేగాని హిమాలయములను చూచినవారి కన్నులకు గుట్టవంటిదే. కాని ఏడాదిలో నధికభాగము మేఘములు దాని శిఖరమును కప్పియుండును. ఆ శిఖరముమీద 1883 నుండి 1904 వరకు ఒక వాతావరణ పరిశోధనాలయముండెను. అందలి యుద్యోగులు సెలవుపై పోవునప్పుడు వారికి బదులుగా స్వచ్ఛందముగా పనిచేయుటకు యువకులు పోవుచుండిరి. విల్సను 1894 వ సంవత్సరము సెప్టెంబరు నెలలో రెండు వారములు అచ్చట గడపెను. ఉదయకాలమున సూర్యుడు వెనుకనుండ, క్రిందనున్న మేఘముమీద తన నీడపడి, ఆ నీడ శిరస్సుచుట్టును రంగురంగుల వలయములు ప్రకాశించుట ఆయన చూచెను. అట్టి దృశ్యమును చూచినవారు కవిత్వము చెప్పుదురు, లేదా ఇంటికి జాబు వ్రాయుదురు. విల్సనునకు మాత్రము ఈ మేఘమును, ఈ వలయములను ప్రయోగశాలలో తన చేతులతో పుట్టింపవలెనని కోరిక కలిగెను. ఆయన యావజ్జీవకృషికి బీజము ఈ రెండు వారములే.

మరుసటి సంవత్సరము జూన్ నెలలో ఆయన మరల ఆ ప్రాంతమునకు పోయి, బెన్ నెవిస్ ప్రక్కనున్న కార్న్ మోర్ డెర్గ్ అను కొండకొమ్ముపై నుండగా ఆకాశమున ఉఱుములు ప్రారంభమాయెను. అకస్మాత్తుగా ఆయన తలవెండ్రుకలు నిక్కబొడుచుకొనెను. అది భయముచేత కలిగిన గగుర్పాటు గాదు. మేఘమందలి విద్యుత్తు నేలమీది విద్యుత్తును పైకిలాగుచుండుటకు అది గుర్తు. ఆయన తడవుచేయక పరుగున క్రిందికి దిగెను. వెంటనే పిడుగు పడెను. ఒక నిమిషము ఆలసించినచో ఈ చరిత్రము వ్రాయవలసిన పని యుండెడిది కాదు. మేఘమును చూచి కలిగిన ప్రేమకు తోడు, ఆ మేఘములోని విద్యుత్తును గూర్చిన జిజ్ఞాస ఆనాడు ఆయన హృదయమున నాటుకొనెను.

కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె. జె. థామ్సను పండితుని యాజమాన్యమున ఆయన పని ప్రారంభించెను. గాలి అకస్మాత్తుగా వ్యాకోచించినప్పుడు చల్లబడును. చల్లబడిన గాలి తనలోని నీటియావిరిని నిలుపుకొనజాలక బిందువులుగా విడిచిపెట్టును. ప్రతి బిందువు ఏదో యొక ధూళికణమును ఆధారముగా జేసికొని ఏర్పడునని జాన్ ఎయిట్కెన్ అను మఱియొక స్కాట్లండు పండితుడు అంతకు మునుపే చూపియుండెను. ధూళి ఏమియు లేని గాలిలో మేఘము పుట్టదని అందఱు తలచిరి. విల్సను ధూళిని పూర్తిగా తొలగించి చూచెను. గాలి పరిమాణము ఒకటింబాతిక రెట్లు అగునట్లు వ్యాకోచింపజేసినంతనే కొలదిపాటి బిందువులు రాలెను. ఎన్నిసార్లు చేసినను రాలుచునే యుండెను. ధూళిలేనిచోట అవి దేనినాశ్రయించి ఏర్పడుచున్నవి? విద్యుత్తు గల సూక్ష్మకణములను, అనగా అయానులను, ఆశ్రయించి యని ఆయన ఊహించెను. 1896 లో, ఎక్సు కిరణములు కనిపెట్టబడిన కొలదినెలలకే, వానిని తన గాజుపాత్రమీదికి ప్రసరింపజేయగా, కొలదిపాటి బిందువులకు బదులు దట్టమైన మంచు క్రమ్ముకొనెను. ఊహ దృఢపడెను. 1900 లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడాయెను.

ఇక్కడ ఒక విచారకరమైన చిన్న సంగతిని చెప్పక తప్పదు. ఎంత చక్కగా మూసిపెట్టిన పాత్రలో నుంచినను విద్యుద్దర్శినిలోని విద్యుత్తు కొంచెము కొంచెముగా హరించిపోవుచుండుట విల్సను గమనించెను. గాలిని విద్యుద్వాహకముగా జేయు కిరణములేవో భూమి వెలుపలనుండి, అంతరిక్షమునుండి, వచ్చుచున్నవేమోయని 1901 లో ఆయన వ్రాసెను. ఆ మాట నిజమో కాదో తేల్చుకొనుటకు రాత్రివేళ, బండ్లు నడవని సమయమున, పీబుల్స్ పట్టణము దగ్గఱి రైలుసొరంగములోనికి తన పరికరమును మోసికొనిపోయి కొలిచెను. అంతటి రాతి క్రిందను విద్యుత్తు హరించుట తగ్గలేదు. కాబట్టి తన యూహ తప్పని తలచి దానిని విడిచిపెట్టెను. సొరంగపు రాళ్లలోనే ఆ పనిచేయు రేడియోధార్మిక పదార్థములు కలవు. అవి ఆయనను మోసపుచ్చినవి. 1912 లో విక్టర్ హెస్ పండితుడు బెలూనులో ఐదు కిలోమీటర్లకు పైగా ఎక్కి, ఎత్తునకు పోయినకొలది అట్టి కిరణములు హెచ్చుచుండుట కొలిచి, విశ్వకిరణములను లోకమునకు చూపెను; 1936 లో నోబెలు బహుమానము నందెను. ప్రయోగము చెప్పిన మాటను శిరసావహించి తన యూహను తానే త్రోసివేసిన విల్సనును నిందింపదగునా? నా మట్టుకు నాకు ఆయనయందు గౌరవము హెచ్చుచున్నదేగాని తగ్గుట లేదు.

1908 లో ఆయన గ్లాస్గో నగరములోని యొక పాదిరిగారి కుమార్తె జెస్సీ ఫ్రేజర్ డిక్‌ను వివాహమాడెను. 1911 నాటికి చాలకాలముగా మనస్సున నున్న యొక యాలోచన ఫలించెను. విద్యుత్కణమొకటి గాలిలోనుండి దూసుకొనిపోవునప్పుడు దారిపొడవున అయానులను విడిచిపోవును గదా. ఆ అయానులపై నీటిబిందువులు ఏర్పడినచో, కంటికి కనబడని కణముయొక్క మార్గము తెల్లని దారమువలె కనబడవలెను. గాజుపేటికలో అట్లే కనబడెను. ఛాయాచిత్రములు కూడ వచ్చెను. పరమాణువుకన్నను సూక్ష్మమైన కణములు నడచిపోయిన బాట మనుష్యుని కన్నులకు గోచరించుట అదియే ప్రథమము. పేటికకు వలయు గాజుసామగ్రి నంతయు ఆయన తన చేతులతోడనే ఊది, అరుగదీసి, అతికించుకొనెడివాడు. ఎన్నియో వారములు శ్రమించి అరుగదీసిన గాజు తుదిక్షణమున పగిలిపోవుట కలదు. అప్పుడాయన విసుగుకొనక మఱియొక గాజుముక్కను చేతబట్టి మొదటినుండి ప్రారంభించెడివాడట. రూథర్‌ఫర్డ్ పండితుడు దూరదేశయాత్రకు పోవుచు సెలవు తీసికొనుటకు వచ్చినప్పుడు విల్సను ఒక గాజుపాత్రను అరుగదీయుచుండెననియు, నెలల తర్వాత తిరిగివచ్చి చూడగా అదే పనిలో నుండెననియు ఒక ముచ్చట చెప్పుకొందురు. ముచ్చటలో కొంత చమత్కారముండిన నుండవచ్చును గాని మనిషి స్వభావము మాత్రము అదియే.

ఈ పేటికతో ఇతరులు సాధించిన విజయములు అపారములు. 1932 లో అమెరికాలో ఆండర్సను పాజిట్రానును కనిపెట్టినది దీనియందే. విల్సనునకు 1927 లో ఆర్థర్ కాంప్టను అను అమెరికా పండితునితో కలిపి నోబెలు బహుమానమీయబడెను. కాంప్టను పేరును చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ఈ చరిత్రములో అది మఱల రాగలదు.

మనిషి మిక్కిలి బిడియస్థుడు. మాటాడునప్పుడు కొంచెము నత్తి. ఉపన్యాసము సరిగా వినబడదని విద్యార్థులు చెప్పుకొనెడివారు. అయినను లారెన్స్ బ్రాగ్ వంటి మహాశాస్త్రజ్ఞులు తాము వినిన యుపన్యాసములలో విల్సనువి అత్యుత్తమములని తరువాత కొనియాడిరి. కంఠము చక్కగా నుండి విషయము లేని యుపన్యాసములను వినినవారికి ఇందలి భేదము తెలియును.

ఇక మెఱుపుల మాటకు వత్తము. పిడుగునకు బియ్యమునకు ఒకే మంత్రమా యని మనవారందురు. విల్సనునకు మాత్రము వానచినుకును పిడుగును ఒకే మేఘముయొక్క రెండు ముఖములు. కేంబ్రిడ్జిలోని సౌరభౌతిక పరిశోధనాలయపు మైదానములో ఆయన ఒక లోహపు పలకను నేలకు సమముగా నమర్చి, దానిని సున్నితమైన విద్యున్మాపకముతో కలిపెను. దూరమున మెఱుపు మెఱసినప్పుడెల్ల ఆ మాపకము ఎగిరిపడెడిది. ఆ యెగురుటను కొలిచి, ఒక్కొక్క మెఱుపు మేఘమునుండి ఎంత విద్యుత్తును తొలగించుచున్నదో లెక్కకట్టెను. ఉఱుముమేఘము పైభాగమున ధనవిద్యుత్తును, క్రిందిభాగమున ఋణవిద్యుత్తును ఉండునని ఆయన చెప్పెను.

దీనిపై గొప్ప వివాదము పుట్టెను. జార్జి సింప్సను అను పండితుడు మన సిమ్లాలో వాతావరణశాఖయందు పనిచేయు కాలమున వానచినుకుల విద్యుత్తును కొలిచి, మేఘము క్రిందిభాగముననే ధనవిద్యుత్తు కలదని వాదించెను. ఆయన సామాన్యుడు గాడు. తరువాత ఇంగ్లండు వాతావరణశాఖకే అధిపతి యాయెను. ఇరువురును చాల సంవత్సరములు తమతమ పట్లు విడువలేదు. తుదకు సింప్సనుగారే, స్క్రేస్ అను సహచరునితో గూడి, ఉఱుముమేఘములలోనికి బెలూనులతో పరికరములను పంపి పరీక్షించి, 1937 లో ఫలితమును ప్రకటించెను. పైన ధనము, దాని క్రింద ఋణము, విల్సను చెప్పినట్లే యుండెను. అయితే మేఘము అడుగున చిన్న ధనవిద్యుత్తు ముద్ద యొకటి కూడ కానవచ్చెను. సింప్సను సిమ్లాలో వానచినుకులయందు చూచినదానికి అది సరిపోవుచుండెను. తనకు ప్రతికూలమైన ఫలితమును తానే వెలికితీసి ప్రచురించిన సింప్సనును కూడ మనము మఱవరాదు.

మేఘములు భూమికి బ్యాటరీలవంటివని విల్సను చెప్పిన సిద్ధాంతము కూడ ఈ కాలమునాటిదే. ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు కూడ నేలమీద ఒక్కొక్క మీటరు ఎత్తునకు సుమారు నూఱు వోల్టుల విద్యుద్భేదము కలదు. భూమి ఋణవిద్యుత్తుతో నిండియున్నది. గాలిగుండ అది నిరంతరము కారిపోవుచున్నది. తిరిగి నింపువారు లేనిచో గంటసేపటిలోపలనే హరించిపోవలెను. నింపునవి లోకమంతట ఏదో యొక మూలను సదా ఉఱుముచుండు మేఘములే యని విల్సను నిశ్చయించెను. కార్నెగీ అను పరిశోధననౌక సముద్రములపై తిరిగి కొలిచిన కొలతలను, ప్రపంచమున ఉఱుములు హెచ్చుగా నుండు వేళలను సరిచూచినప్పుడు రెండును చాలవఱకు ఏకీభవించెను.

1925 లో ఆయన ప్రచురించిన వ్యాసములోని వాదము నిడివి కొలదిదేగాని ఫలము గొప్పది. పైతరగతుల విద్యార్థులు దీనిని నిదానముగా చదివిన అర్థముగాకపోదు. మేఘములోని విద్యుత్తుయొక్క బలము పైకి పోయినకొలది తగ్గును. ఎత్తు రెట్టింపైనప్పుడు బలము ఎనిమిదవ వంతగును. మఱి గాలిలో మెఱుపు పుట్టవలెనన్న ఎంత బలము కావలెను? గాలి దట్టముగా నున్నచోట ఎక్కువ బలము, పలుచగా నున్నచోట తక్కువ బలము చాలును. ఇప్పుడు 20 కిలోమీటర్ల యెత్తునుండి 40 కిలోమీటర్లకు పోదము. విద్యుద్బలము ఎనిమిదవ వంతగును; కాని గాలి సాంద్రత సుమారు ఇరువదిరెండవ వంతగును. 40 నుండి 80 కి పోదము. విద్యుద్బలము మఱల ఎనిమిదవ వంతు. గాలి సాంద్రత యన్ననో రెండువందలవ వంతుకన్నను తక్కువ. అనగా గాలియొక్క అడ్డు, విద్యుత్తుయొక్క బలముకన్న త్వరగా తగ్గిపోవుచున్నది. ఏదో యొక యెత్తున బలము అడ్డును మించకతప్పదు. పెద్దమెఱుపు ఒకటి మేఘములోని విద్యుత్తును అకస్మాత్తుగా నేలకు దించివేసినప్పుడు, ఆ మేఘమునకు చాల ఎత్తున, ఆకాశము తళుక్కున వెలుగవలెను. ఇదియే ఆయన లెక్క.

అదే సంవత్సరమున ఆయన ఇంకొక మాట చెప్పెను. ఉఱుముమేఘములోని బలమైన విద్యుత్క్షేత్రములో వేగముగా పోవు ఎలెక్ట్రానులు, గాలి అణువులను తాకి పోగొట్టుకొను శక్తికన్న ఎక్కువ శక్తిని క్షేత్రమునుండి పొంది, అంతకంతకు వేగము హెచ్చి పరుగెత్తిపోగలవని. పగ్గము తెంచుకొనిన కోడెవంటి స్థితి యనవచ్చును. ఈ రెండు మాటలకును అప్పుడు సాక్ష్యము లేదు. మబ్బుపై వెలుగులు చూచితిమని 1886 నుండియు అచ్చటచ్చట కొందఱు పత్రికలకు వ్రాసిరి. తరువాతికాలమున విమానచోదకులు కూడ చెప్పిరి. కాని శాస్త్రజ్ఞులు వానిని కంటిభ్రమగా త్రోసివేయుచు వచ్చిరి.

1925 నుండి 1934 వరకు కేంబ్రిడ్జిలో జాక్సోనియన్ ఆచార్యుడుగా నుండి ఆయన విశ్రాంతి పుచ్చుకొనెను. 1936 లో ఎడిన్‌బరోకు మరలి, వార్ధక్యమున తాను పుట్టినచోటికి సమీపమందలి కార్లాప్స్ గ్రామమున స్థిరపడెను. ఎనుబది దాటినను కొండలెక్కుట మానలేదు. 1955 లో, ఎనుబదియాఱేండ్ల వయస్సున, వాతావరణశాస్త్ర విద్యార్థులతో గూడి విమానమెక్కి స్కాట్లండు పశ్చిమతీరపు దీవులపై మేఘములలో తిరిగెను. జీవితమంతయు క్రిందినుండి చూచిన మేఘములను ఆ వయస్సున దగ్గఱగా చూచుటకు ఆయన పడిన సంతోషము, తోడనున్న యువకుల సంతోషమునకు తీసిపోలేదట. 1956 లో ఉఱుముమేఘముల విద్యుత్తును గూర్చి తన కడపటి వ్యాసమును రాయల్ సొసైటీకి సమర్పించెను. అందులో, దూరపు మేఘములకు పైన నిర్మలాకాశమున విసనకఱ్ఱవలె విప్పారిన మసకవెలుగులను తాను కన్నులార చూచినట్లు వ్రాసెను. 1959 నవంబరు 15 వ తేదీన, తొంబదియవ యేట, కార్లాప్సులో తనువు చాలించెను.

1989 జూలై 6 వ తేదీ రాత్రి, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున విన్‌క్లర్ పండితుడును ఆయన సహచరులును ఒక రాకెట్టు ప్రయోగమునకై, మిక్కిలి మసకవెలుతురును కూడ పట్టగల టెలివిజను కెమెరాను పరీక్షించుచుండిరి. దిగంతమున ఎక్కడనో గాలివాన. తరువాత టేపును చూడగా మేఘములకుపైన రెండు వెలుగుస్తంభములు కానవచ్చెను. ఈ వార్త వినినంతనే, అమెరికా స్పేస్ షటిలు నౌకలు రాత్రివేళ భూమిని చిత్రించిన టేపులను కొందఱు పండితులు వెదకిరి. వానిలోను అట్టి వెలుగులు బయటపడెను. అవి అంతకుముందు అందఱి కన్నులయెదుటను ఉండినవే. వెదకినవారు మాత్రము లేకపోయిరి. 1990 లో షటిలునుండి తీసిన చిత్రములలో మఱియొక విధమైన వెలుగు, మేఘమునకు చాల ఎత్తున వాయుమండలపు సహజకాంతి ఒక్కసారి పెచ్చుపెరిగి విస్తరించుట, కూడ కానవచ్చెను.

ఇప్పుడు వీనికి వేర్వేఱు పేర్లున్నవి. 40 మొదలు 90 కిలోమీటర్ల యెత్తువఱకు వ్యాపించు ఎఱ్ఱని వెలుగులు స్ప్రైటులు. అనగా వనదేవతలవంటి మాయరూపములు. కంటికి చిక్కక మాయమగుటచేత ఆ పేరు తగియున్నది. వాని యాయువు సెకనులో నూఱవవంతు స్థాయి. సుమారు 90 కిలోమీటర్ల యెత్తున, వందలకొలది కిలోమీటర్ల వెడల్పున, సెకనులో వేయవవంతుకన్న తక్కువ కాలములో ఉంగరమువలె విప్పారునవి ఎల్వులు. మేఘశిరస్సునుండి నీలముగా పైకి చిమ్మునవి నీలిజెట్లు. స్ప్రైటులు పుట్టు కారణము విల్సను చెప్పినదే. అయితే మెఱుపు మేఘమునుండి పైకి ప్రాకునని ఆయన తలచినట్లు గాక, అవి నడిమి యాకాశమున మొదలై చాలవఱకు ముందు క్రిందికే జాఱునని నేటి వేగముగల కెమెరాలు చూపినవి.

రెండవ జోస్యము సంగతి ఇంకను చిత్రము. 1991 లో అమెరికావారు గామాకిరణములను పరిశీలించు ఒక ఉపగ్రహమును అంతరిక్షమునకు పంపి, దానికి కాంప్టను పేరు పెట్టిరి. విల్సనుతో బహుమానము పంచుకొనిన కాంప్టనే. దూరనక్షత్రములను చూచుటకు పోయిన ఆ ఉపగ్రహమునకు, క్రిందినుండి, అనగా మన భూమిమీది ఉఱుముమేఘములనుండియే, గామాకిరణముల మెఱుపులు తగులుచుండెను. 1994 లో ఈ సంగతి ప్రకటింపబడెను. పగ్గము తెంచుకొని పరుగెత్తు ఎలెక్ట్రానులను గూర్చి విల్సను వ్రాసిన వ్రాతను పండితులు మఱల తెఱచి చదివిరి.

2003 జనవరిలో బయలుదేరిన కొలంబియా నౌకలో ఇస్రాయేలు దేశపు ఇలాన్ రామోను, మన దేశమున పుట్టిన కల్పనా చావ్లా మున్నగు ఏడుగురుండిరి. ఎడారిధూళిని పరిశీలించుటకు తీసికొనిపోయిన కెమెరాతో వారు రాత్రివేళ ఉఱుముమేఘముల పైభాగమును కూడ చిత్రించిరి. ఫిబ్రవరి 1 వ తేదీన తిరిగివచ్చుచు నౌక ఆకాశముననే భగ్నమై ఏడుగురును మరణించిరి. స్ప్రైటుల యొక్కయు ఎల్వుల యొక్కయు చిత్రములు చాలభాగము అంతకుమునుపే భూమికి పంపబడియుండుటచే నిలిచినవి. మరుసటి యేట తైవాను దేశపు ఉపగ్రహమొకటి ఈ పనికై ప్రత్యేకముగా నొక పరికరమును మోసికొనిపోయి 2016 వఱకు పనిచేసెను. క్రిందినుండి చూచువారికి మేఘమే తెఱ. నీలకాంతిలో నెక్కువ భాగమును గాలియే హరించును. పైనుండి చూచినప్పుడు ఈ రెండడ్డంకులును లేవు.

2015 సెప్టెంబరులో డెన్మార్కు దేశస్థుడగు ఆండ్రియాస్ మోగెన్‌సెన్ అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమునుండి తన చేతికెమెరాతో మన బంగాళాఖాతముమీది ఉఱుముమేఘమొకదానిని 160 సెకనులు చిత్రించెను. సుమారు 18 కిలోమీటర్ల యెత్తుననున్న ఆ మేఘశిరస్సుపై 245 నీలిమెఱుపులు లెక్కకు వచ్చెను. ఒక నీలిజెట్టు 40 కిలోమీటర్ల యెత్తువఱకు ఎగసెను. 2018 ఏప్రిలులో, డెన్మార్కు పండితుల నాయకత్వమున సిద్ధమైన ఆసిం అను పరికరసమూహము ఆ కేంద్రమునకు చేరి, వెలుపలిగోడకు బిగింపబడెను. దాని కన్నులు క్రిందికి, మేఘములవైపునకు, తిరిగియుండునట్లు అమర్చిరి. కెమెరాల ప్రక్కనే గామాకిరణములను పట్టు పరికరమును గూడ నుంచిరి.